వేటకెళ్ళే బోట్లతో వేసవికి వీడ్కోలు

విశాఖపట్నం చూడ్డానికి జనం డిసెంబరు, జనవరిలో వస్తారు. లేదంటే పిల్లలకు సెలవులివ్వగానే మే నెలలో వచ్చి, ఉక్కపోతకు తట్టుకోలేక అరకు కొండలెక్కేస్తారు. మేం మాత్రం జూన్ రెండో వారంలోనే కలుస్తాం. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ఎమ్మెస్సీ కలిసి చదివిన బ్యాచ్ మాది. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోహిణి వెళ్ళిపోయి, మృగశిర వచ్చి, నైరుతి ఇవాళో రేపో అన్నట్టుండే రోజులవి. బడులు తెరుస్తారు. మామిడిపళ్ళు ఆఖరి గంపల్లోకి వచ్చేస్తాయి. అన్నిటికీ మించి, ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో ముగుస్తుంది. 61 రోజులు కట్టేసి ఉంచిన బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్తాయి. క్యాలెండరు ఏం చెప్పినా, ఈ తీరంలో వేసవి అయిపోయేది ఆ రాత్రితోనే అని నా నమ్మకం. అందుకే ఆ రాత్రికి అందరం ఫిషింగ్ హార్బర్‌లో ఉండేలా ప్రయాణాలు పెట్టుకున్నాం.

జూన్ 12

గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడ దాటగానే బోగీలో సామాన్లు దించే హడావుడి మొదలైంది. ఎడమ పక్క సింహాచలం కొండ కనబడితే, ఎదురు సీట్లో పెద్దాయన కిటికీలోంచే దణ్ణం పెట్టుకున్నారు. నాతోపాటు వచ్చినవాడు సింగరేణిలో పనిచేస్తాడు. రాత్రి ఖమ్మంలో ఎక్కిన దగ్గర్నుంచీ పడుకోనివ్వకుండా కబుర్లే. భూమి లోపల పనిచేసేవాడికి సముద్రం మీద ఉండే మోజు మనకు అర్థం కాదు. ఏడాదంతా ఈ ప్రయాణం కోసం సెలవులు దాచుకుంటాడు.

స్టేషన్ బయటికి రాగానే చొక్కా వీపుకి అంటుకుపోయింది. హైదరాబాద్ ఎండ మాడుస్తుంది, వైజాగ్ ఎండ ఉడకబెడుతుంది. ఫోన్‌లో చూస్తే డిగ్రీలు పెద్దగా ఏమీ ఉండవు. గాలిలో ఉన్న తడికి చెమట ఆరదు, అంతే. మా మిత్రుడి ఇల్లు పెదవాల్తేరులో. గుమ్మంలోనే వాళ్ళమ్మగారు, "ఏటి నానా, ఇలా సిక్కిపోయావు? బేగి కాళ్ళు కడుక్కుని రండి, ఇడ్లీలు సల్లారిపోతన్నాయి" అన్నారు. ఆ మాట వింటే తప్ప నాకు వైజాగ్ వచ్చినట్టుండదు.

మధ్యాహ్నానికి రత్నాచల్‌లో రాజమండ్రి మేడమ్ దిగింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది కాబట్టి మాకందరికీ మేడమే. విజయనగరం నుంచి మేష్టారు బస్సులో వచ్చారు. మాకంటే కాస్త పెద్దవాడు, హైస్కూల్లో సైన్సు చెబుతాడు. కొత్తావకాయ, ముద్దపప్పు, నెయ్యి. ఆ భోజనం తర్వాత ఎవరం కదల్లేదు. ఎండ చల్లారాక ఆర్కే బీచ్‌కి నడిచాం.

శుక్రవారమా ఆదివారమా అని లేకుండా అక్కడ ఎప్పుడూ తిరునాళ్ళే. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరుతో ఏర్పడిన ఈ బీచ్ మా చదువుకునే రోజుల్లో ఇంకా వెడల్పుగా ఉండేది. చెప్పులు చేత్తో పట్టుకుని ఎంతో దూరం నడిస్తే గాని నీళ్ళు అందేవి కావు. ఇప్పుడు కొన్నిచోట్ల అల గోడ దాకా వస్తోంది. దానికి కారణం మాకు క్లాసులో చెప్పిందే. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తుంటాయి. అవుటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి గట్లు ఆ ఇసుకను మధ్యలో ఆపేస్తాయి. ఆగిన ఇసుక ఆగినచోటే ఉండిపోతుంది, ఉత్తరం పక్కనున్న ఆర్కే బీచ్‌కి రావలసిన వాటా రాదు. అల మాత్రం తన వంతు కోసుకుపోతూనే ఉంటుంది. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జర్‌తో ఆ ఇసుకను తవ్వి తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. మనం కూర్చుని కబుర్లు చెప్పుకునే ఈ ఇసుకలో కొంత అలా పైపులోంచి వచ్చిందే. ఈ సంగతి తెలిశాక ఈ బీచ్ మీద నాకు ప్రేమ తగ్గలేదు, ఆందోళన పెరిగింది. దీన్ని కాపాడుకోవడం ప్రతి ఏడూ చెయ్యాల్సిన పని.

కురుసుర సబ్‌మెరైన్ ముందు పిల్లల క్యూ చాంతాడంత ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకుని, 2002 నుంచి ఇలా ఒడ్డున మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి అది. 91 మీటర్ల పొడవు. లోపల మనుషులు ఎంత ఇరుకులో బతికారో చూడ్డానికైనా ఒకసారి ఎక్కాలి. రోడ్డుకి అటుపక్క 2017లో పెట్టిన టీయూ-142 విమానం. ఇంకాస్త ముందుకు 1971 యుద్ధ స్మారకం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ సముద్రంలోనే. మేం అన్నీ చూసినవాళ్ళమే కాబట్టి ఆగకుండా నేరుగా మూరీ మిక్చర్ బండి దగ్గరికి వెళ్ళిపోయాం.

ఆ బండతను కలిపే తీరు చూస్తూ నిలబడ్డాను. స్టీలు గిన్నెలో రెండు గుప్పిళ్ళ మరమరాలు, వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, చిటికెడు కారం, ఏదో మసాలా. చెంచాతో గిన్నె అంచుకి టకటకా కొడుతూ నాలుగు తిప్పులు. ఆఖర్న నిమ్మచెక్క పిండి, ఇంకో రెండు తిప్పులు. పొట్లంలో పోసి చేతికిచ్చేసరికి మరమరం ఇంకా కరకరలాడుతూనే ఉండాలి. సముద్రపు గాలికి నిమిషాల్లో మెత్తబడిపోతుంది గనక నిలబడే తినేయాలి. పక్క బండి దగ్గర టమాటా బజ్జీని నిలువునా చీల్చి ఉల్లిపాయలు కూరుతుంటే మేష్టారు అటు జారుకున్నారు.

జూన్ 13

తెల్లారకముందే కారులో రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. పొద్దున్నే ఉంటే జనం తక్కువ, నీళ్ళు చల్లన.

ఇక్కడ ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి, ఎందుకంటే ఏటా విశాఖ తీరంలో కుర్రాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళలో ఎక్కువమంది సముద్రం అలవాటు లేని ఊళ్ళ నుంచి స్నేహితులతో సరదాగా వచ్చినవాళ్ళే. మా పక్కనే ఒక కాలేజీ బ్యాచ్ దిగింది. అలలు పెద్దగా విరుగుతున్న చోటు వదిలేసి, ప్రశాంతంగా కనిపిస్తున్న చోటికి నడుస్తున్నారు. మేష్టారు గబగబా వెళ్ళి, "ఒరేయ్ బాబూ, అటు కాదు, ఇటు రండి" అని పిలిచి, పుల్లతో ఇసుక మీద బొమ్మ గీశారు. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ లోతు ఉంటే ఆ సందులోంచి అవి ఇరుకు ప్రవాహంగా లోపలికి పరుగెడతాయి. అక్కడ అల సరిగ్గా విరగదు, అందుకే పైకి నెమ్మదిగా కనబడుతుంది. కొత్తవాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత బలవంతుడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, ప్రవాహం వెడల్పు తక్కువే కాబట్టి కాసేపటికి బయటపడతాం. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి పైకెత్తాలి. గజ ఈతగాళ్ళు ఉన్నచోట, వాళ్ళు చూస్తుండగా మాత్రమే దిగాలి. ఎర్ర జెండా ఉంటే అసలు దిగకూడదు.

కుర్రాళ్ళు బుద్ధిగా విన్నారు. ఒకడు వెళ్ళి గజ ఈతగాణ్ణి అడిగొచ్చాడు, "ఇక్కడేనా అన్నా దిగమంటారు?" అని. తర్వాత మేం కూడా అదే చోట నడుం లోతు దాకా దిగి, అల వచ్చినప్పుడల్లా చేతులు పట్టుకుని ఎగిరాం. సింగరేణివాడి నవ్వు ఒడ్డు దాకా వినబడింది. జూన్‌లో అలకి ఊపు ఎక్కువ. దూరంగా ఎక్కడో వీస్తున్న నైరుతి గాలి ఇక్కడి నీటిలో ముందే తెలుస్తుంది.

అక్కణ్ణుంచి తొట్లకొండ. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుండగా బయటపడిన బౌద్ధ స్థలం. రెండు వేల ఏళ్ళ కిందటి విహారాలు, చైత్యాలు, స్తూపాల పునాదులు కొండ మీద వరసగా ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే ఈ కొండ కింద ఓడలు ఆగేవి, సరుకు దిగేది, బేరాలు జరిగేవి. ఈసారి నా ధ్యాసంతా కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల మీదే. అడుగున కొంచెం పాచి నీళ్ళు తప్ప ఎండిపోయి ఉన్నాయి. వానాకాలం రాగానే బౌద్ధ భిక్షువులు ఊరూరా తిరగడం ఆపి విహారంలోనే ఉండిపోయేవారు, ఆషాఢ పున్నమి నుంచి. దాన్నే వర్షావాసం అంటారు. ఈ ఎండిన తొట్ల పక్కన నిలబడి సముద్రం మీద మబ్బు కోసం చూసిన మనుషులు అప్పుడూ ఉండి ఉంటారు. వాళ్ళ వేసవి ఈ తొట్లు నిండడంతో అయిపోయేది.

మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఎదురుగా కొబ్బరి నీళ్ళు తాగి, భోజనం చేసి, చెట్ల కింద పడుకున్నాం. నాలుగు దాటాక ఎర్రమట్టి దిబ్బలు.

ఇక్కడికొస్తే మా బ్యాచ్‌లో ఎవరి నోరూ ఆగదు. మాకు ఫీల్డ్ పని మొదలైంది ఈ దిబ్బల మీదే. చూడ్డానికి ఎర్ర కొండలు, కాని రాయి కాదు. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలే ఇసుక. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయినప్పుడు, ఇప్పుడు నీళ్ళున్న చోట చాలా దూరం వరకు బట్టబయలు ఇసుక. గాలి ఆ ఇసుకను ఎత్తి తెచ్చి ఇక్కడ మేట వేసింది. ఆ ఇసుకలో గార్నెట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలు కలిసి ఉన్నాయి. వేల ఏళ్ళ వానకీ ఎండకీ అవి శిథిలమై, ఒక్కో రేణువు చుట్టూ పల్చటి ఇనుప పూత ఏర్పడి ఎర్రబడింది. తర్వాత వాన నీళ్ళు కోసుకుంటూ పోయి ఈ లోతైన గెడ్డలు, నిలువు గోడలు తయారయ్యాయి. ఇలాంటివి తమిళనాడు దక్షిణాన, శ్రీలంకలో ఉన్నాయి, ఇంకెక్కడా అంత సులువుగా కనబడవు. 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అయినా దిబ్బల అంచున ఒకచోట చదును చేసిన నేల కనబడేసరికి మేడమ్ మొహం మాడిపోయింది. "ఒక్కసారి పొక్లెయిన్ పెడితే పదివేల ఏళ్ళు పోతాయి. మళ్ళీ తెచ్చిపెట్టేదెవరు?" అంది. నిజమే. కొండ తవ్వితే కనీసం రాయి మిగులుతుంది, ఇది ఇసుక, గాలికి పోతుంది. సినిమా షూటింగులకి, ఫొటోలకి వచ్చే జనం గోడలెక్కి దూకడం కూడా మానాలి. నడవడానికి గెడ్డ అడుగున దారి ఉంది, అది చాలు.

మేం గెడ్డలో ఉండగానే గాలి మారింది. కొండల మీంచి మబ్బు దిగింది. మొదటి చినుకు నా ముందు ఎర్రటి ఇసుకలో పడి, శనగగింజంత గుంట చేసి, అంచుల్లో ఇసుకను ఉండలా చుట్టేసింది. పక్కన ఇంకోటి. ఇంకోటి. కాసేపు ఒక్కో చినుకూ విడివిడిగా లెక్కపెట్టుకోగలిగేలా పడింది, తర్వాత ఒక్కసారిగా కుమ్మరించింది. గోడల మీంచి సన్నటి ఎర్ర నీటి తీగలు దిగి మా కాళ్ళ దగ్గర కలుస్తున్నాయి. ఇరవై ఏళ్ళ వయసులో క్లాసులో బోర్డు మీద చూసిన కోత, ఇప్పుడు కళ్ళ ముందే జరుగుతోంది. సింగరేణివాడు రెండు చేతులూ చాచి, మొహం పైకెత్తి నిలబడిపోయాడు. మేష్టారు మాత్రం "గెడ్డలో ఉండకండర్రా, పైకి నడవండి" అని అందర్నీ తరిమారు. వాన పెరిగితే ఆ ఇరుకులో నీళ్ళు ఎంత వేగంగా వస్తాయో, గోడలు ఎలా విరిగిపడతాయో మా అందరికీ తెలుసు.

తడిసిన బట్టలతోనే భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ళ సమాధులున్న ఊరు, గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరు. వాన వెలిసింది. అల్లం టీ తాగి ఒడ్డుకి వెళ్తే, అల వెనక్కి తగ్గినచోట ఇసుక మీద నల్లటి చారలు, మధ్యలో ముదురు ఎరుపు. మేడమ్ చిటికెడు తీసి అరచేతిలో పరిచింది. నల్లవి ఇల్మనైట్, ఎర్రవి గార్నెట్. బరువైన రేణువులు గనక అల తేలిక ఇసుకను లాక్కుపోయినా ఇవి ఒడ్డునే ఉండిపోతాయి. కొండల్లోని ఖోండలైటు రాళ్ళు అరిగి అరిగి, వాగుల్లో, నదుల్లో కొట్టుకొచ్చి ఇలా చేరాయి. అక్కడ ఆడుకుంటున్న ఒక పాప వచ్చి, "ఆంటీ, ఇది బంగారమా?" అని అడిగింది. మేడమ్ ఆ గింజల్ని పాప అరచేతిలోకి పోసి, కొండ నుంచి ఇక్కడికి అవి వచ్చిన కథంతా చెప్పింది. పాప వాళ్ళమ్మ కూడా కూర్చుని విన్నది.

జూన్ 14

ఈ రోజు కోసమే వచ్చాం.

పొద్దున ఫిషింగ్ హార్బర్ గేటు దాటగానే డీజిల్, రంగు, ఎండు చేపల వాసన కలిసి కొట్టింది. వందల బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. ఒక బోటు మీంచి ఇంకో బోటు మీదికి దాటుకుంటూ జనం సామాను మోస్తున్నారు. నిషేధం ఉన్నన్నాళ్ళూ హార్బర్ పడుకుని ఉంటుందనుకుంటారు బయటివాళ్ళు. ఈ రెండు నెలల్లోనే బోటుకి మరమ్మతులు జరుగుతాయి, ఇంజను విప్పి బిగిస్తారు, చెక్కకి రంగులు వేస్తారు, చిరిగిన వలలు బాగుచేస్తారు. ఆఖరి రోజున అన్ని పనులూ ఒకేసారి మీద పడతాయి.

నిషేధం ఎందుకో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమిది. ఇప్పుడు వదిలేస్తేనే తర్వాత దొరుకుతాయి. మొదట్లో నిషేధం ఇన్ని రోజులు ఉండేది కాదు, 2015 నుంచి 61 రోజులు చేశారు. పడమటి తీరంలో జూన్, జూలై. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. ఇంజను లేని తెప్పలకు ఇది వర్తించదు. అందుకే వేసవిలో విశాఖలో సముద్రపు చేప కావాలంటే తెప్పల మీద తెచ్చిన కాస్తే దిక్కు.

ఒక బోటు నీడలో నడివయసు మనిషి వల బాగుచేస్తున్నాడు. కుడికాలి బొటనవేలికి వల కన్ను తగిలించి బిగువుగా లాగి పట్టుకున్నాడు. ఎడమచేత్తో చిరుగు అంచులు సరిచేస్తూ, కుడిచేత్తో ప్లాస్టిక్ సూదిని లోపలికీ బయటికీ పోనిస్తున్నాడు. ప్రతి ముడికీ ఒక కుదుపు. కంటికి కన్ను కొలిచినట్టు వస్తోంది, కొలబద్ద లేదు, వేళ్ళే కొలత. మా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఏటి బాబూ, పేపరోళ్ళా?"

"కాదండి, సూద్దామని వచ్చాం. రాత్రికి వెళ్తున్నారా?"

"ఎల్తాం. పన్నెండు దాటాలి. సరంగు సెప్పినప్పుడు."

"ఎన్ని రోజులుంటారు సముద్రంలో?"

"పడితే పది దినాలు. ఐసు ఉన్నన్ని దినాలు." అప్పుడు తలెత్తి నవ్వాడు. "రెండు నెల్లు గట్టుమీద కూకుంటే ఒళ్ళు బరువెక్కిపోద్ది బాబూ. మా ఇంటిది కూడా ఎప్పుడెల్తావురా అంటోంది."

ఆ నవ్వు వెనక లెక్క ఉంది. వేట లేని నెలల్లో బోటులో పనిచేసే కళాసీకి వాటా రాదు. బోటు తెచ్చిన చేప అమ్మగా, డీజిలు, ఐసు, తిండి ఖర్చులు పోను మిగిలిందే ఓనరుకీ, బోటు నడిపే సరంగుకీ, కళాసీలకీ పంచుతారు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఉన్నా, ఇంటి ఖర్చు అప్పులతోనే నడుస్తుంది. చాలా ఇళ్ళలో ఈ రెండు నెలలూ ఆడవాళ్ళు ఎండు చేపలు అమ్మి పొయ్యి వెలిగిస్తారు. మొదటి వేట బాగుంటేనే పిల్లల పుస్తకాలు, బడి ఫీజులు. అందుకే వేట మొదలయ్యే రాత్రిని మేం పండగ అనుకోవడం వేరు, వాళ్ళు అనుకోవడం వేరు.

జెట్టీ చివర ఐసు మర దగ్గర నిలబడ్డాం. మనిషంత పొడవు దిమ్మెల్ని కొక్కెంతో లాగి మరలో వేస్తుంటే, నలిగిన ఐసు గొట్టంలోంచి ధారగా బోటు అడుగు గదిలోకి పోతోంది. లోపల ఇద్దరు కుర్రాళ్ళు పారలతో సర్దుతున్నారు. ఎండలో మాకు చెమటలు, వాళ్ళ ముక్కుల మీద చలి. డీజిల్ డ్రమ్ములు, మంచినీళ్ళు, బియ్యం బస్తాలు, ఉల్లిపాయలు, గ్యాసు బండ, ఒక మూల చింతపండు బుట్ట. 2023 నవంబరులో ఒక రాత్రి ఈ జెట్టీలోనే మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఇప్పుడు అదే చోట కొత్త చెక్క, కొత్త రంగు మీద తెల్లటి అక్షరాలు చూస్తుంటే గుండె నిండింది.

మధ్యాహ్నం మేష్టారి కోరిక మీద యారాడ వెళ్ళాం. సింథియా నుంచి డాల్ఫిన్ కొండ మీదుగా ఘాట్ రోడ్డు. మూడు పక్కలా కొండలు, ఒక పక్క సముద్రం. అందంగా ఉంది, అల మాత్రం దిగనివ్వలేదు. చూసి వచ్చేశాం.

సాయంత్రం సాగర్ నగర్ ఒడ్డున మా పండగ. జనం తక్కువని అక్కడికి వెళ్ళాం. దుప్పట్లు పరిచి, గంపలో ఆఖరి సువర్ణరేఖ పళ్ళు పోశాం. ఉత్తరాంధ్ర మామిడి అంటే నాకు అదే, తొక్క మీద ఎర్రటి మచ్చ, లోపల పీచు లేని గుజ్జు. ముదిరిపోతున్న ముంజలు కొన్ని దొరికాయి. అమ్మగారు ఇచ్చిన పులిహోర, మేష్టారు తెచ్చిన మాడుగుల హల్వా. మా మిత్రుడి పిల్లలు ఇసుక కోట కట్టడం మొదలుపెడితే, పెద్దవాళ్ళం నలుగురం చేరి పునాది ఎంత వెడల్పు ఉండాలో, ఇసుకలో తడి ఎంత ఉండాలో వాదించుకున్నాం. చివరికి పిల్లలు మమ్మల్ని పక్కకి నెట్టి వాళ్ళే కట్టుకున్నారు. తర్వాత కబడ్డీ. మేడమ్ కూతకి వస్తే సింగరేణివాడు పట్టుకోబోయి బోర్లా పడ్డాడు. చీకటి పడ్డాక పాటలు. ఈసారి రాలేకపోయిన వాళ్ళకి వీడియో కాల్ చేసి అల చప్పుడు వినిపించాం. దుబాయ్‌లో ఉన్నవాడు చాలాసేపు మాట్లాడలేదు, "ఫోన్ అలాగే పట్టుకోండిరా" అన్నాడు. తొక్కలు, టెంకలు, కాయితాలు అన్నీ సంచుల్లో ఎత్తుకుని, ఒడ్డు చూసుకుని బయల్దేరాం.

పదకొండున్నరకి మళ్ళీ హార్బర్. పొద్దున చూసిన చోటేనా ఇది అనిపించింది. ప్రతి బోటుకీ దీపాలు, బంతిపూల దండలు, వేపమండలు, ముక్కు భాగానికి పసుపు, కుంకుమ. కుటుంబాలకు కుటుంబాలు జెట్టీ మీదే ఉన్నాయి. ఒక పెద్దావిడ హారతిచ్చి, బోటు ముందు కొబ్బరికాయ కొట్టి, "గంగమ్మ తల్లీ, సల్లగా సూడు" అని నీళ్ళలో పూలు వదిలింది. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహానికి ఒకళ్ళు కుంకుమ పూసుకుంటున్నారు. చిన్న పిల్ల ఒకతి వాళ్ళ నాన్న లుంగీ పట్టుకుని వదలడం లేదు. అతను ఎత్తుకుని, బోటు లోపలంతా తిప్పి చూపించి, తిరిగి తల్లి చేతికిచ్చాడు.

పన్నెండు దాటింది. మొదట ఒక ఇంజను దగ్గింది, తర్వాత దాని పక్కది, కాసేపటికి మాటలు వినబడనంత మోత. తాళ్ళు విప్పారు. మంచి గడియ చూసుకుని వెళ్ళేవాళ్ళు తెల్లారేదాకా ఆగుతామన్నారు. మిగతావాళ్ళు వరస కట్టారు. డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతుంటే, దాని కింద ఒకదాని వెనక ఒకటి బోట్లు చానెల్‌లోంచి బయటికి వెళ్ళాయి. పొద్దున మాతో మాట్లాడిన వలాయన బోటు వెళ్తుంటే చెయ్యూపాం. అతను చూసి రెండు చేతులూ ఎత్తాడు. జెట్టీ మీద ఆడవాళ్ళు కేకలేస్తూ పేర్లు పిలుస్తున్నారు. మేష్టారు కళ్ళు తుడుచుకోవడం చూశాను. నా పరిస్థితీ అదే.

జూన్ 15

నిద్ర లేకుండానే పెద జాలారిపేట ఒడ్డుకి. పెద్ద బోట్లు తిరిగి రావడానికి రోజులు పడుతుంది. అర్ధరాత్రి వెళ్ళిన ఫైబర్ తెప్పలు మాత్రం పొద్దునకే వచ్చేస్తాయి. ఒడ్డున అప్పటికే గంపలతో ఆడవాళ్ళు, చేపల వేలంపాట మొదలైంది. కవళ్ళు, కానాగంతలు, కొన్ని పీతలు, వెండి రంగులో మెరుస్తూ నెత్తళ్ళు. అమ్మగారు మాతో వచ్చి బేరం చేశారు. "ఓలమ్మ, మొదటి దినమే ఇంత సెప్తే ఎలా" అంటే, అమ్మేమె "మొదటి దినమనే కదమ్మా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు, ధర కుదిరింది.

ఇంటికొచ్చి నెత్తళ్ళలో ఆఖరి పుల్ల మామిడికాయ ముక్కలు వేసి వండారు. ఉత్తరాంధ్రలో ఈ కూరకి ఉన్న పేరు ఊరికే రాలేదు. మామిడి వెళ్ళిపోతూ, చేప వస్తూ, ఆ రెండూ ఒకే కుండలో కలిసేది ఈ వారం పదిరోజులే. అన్నంలో కలుపుకుని తింటుంటే ఎవరం ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం మేష్టారు బస్సెక్కారు, సాయంత్రానికి మేం రైళ్ళెక్కాం.

నెలాఖర్లో మా మిత్రుడు ఫోన్ చేశాడు. పెద్ద బోట్లు వచ్చాయట, వలాయన బోటు కూడా. వంజరం, చందువా బాగా పడ్డాయట, హార్బర్‌లో పొద్దున్నే అడుగు పెట్టడానికి ఖాళీ లేదట. అమ్మగారు వంజరం ముక్కలతో పచ్చడి పెట్టి, నా సీసా పక్కన పెట్టారట. వచ్చే వారం హైదరాబాద్ మీటింగుకి వచ్చే మేడమ్ రాజమండ్రిలో అందుకుని తెచ్చిస్తానంది.